12 ఎకరాల నుంచి 50 సెంట్లకు: డెల్టాలో జనం ఎక్కువయ్యారా, లెక్క తప్పిందా?

పుంతదారి · సోమవారం, రాత్రి 9:10

మాది కోనసీమలో ఒక శివారు ఊరు. నేను కాకినాడలో ఉద్యోగం చేస్తున్నాను. నాన్న పోయి ఏడాది దాటింది. సంవత్సరీకాలు అయ్యాక ట్రంకు పెట్టెలోని పొలం కాగితాలు బయటికి తీశాను.

ముత్తాతకు 12 ఎకరాలు, అంతా ఒకే చెక్క. ఆయనకు నలుగురు కొడుకులు, తలా 3 ఎకరాలు. తాతకు ముగ్గురు కొడుకులు, తలా ఎకరం. నాన్నకు నేనూ చెల్లీ. అంటే నాకు వచ్చేది 50 సెంట్లు.

మొన్న ఆదివారం వెళ్లి ఆ పాత 12 ఎకరాల చుట్టూ నడిచాను. లోపల 17 గట్లు లెక్కపెట్టాను. తాత నాటికి వాటిలో మూడో నాలుగో ఉండేవట. ప్రతి పంపకానికీ ఒక గట్టు లేచింది, ప్రతి గట్టూ కొంత నేలను తినేసింది. కొన్ని ముక్కల్లో వరికోత యంత్రం తిరగడానికి చోటు చాలడం లేదు. మూలలు ఇంకా కొడవలితోనే కోస్తున్నారు. ఒక ముక్కకు బోదె (పొలాలకు నీళ్లు తెచ్చే పిల్లకాలువ) నీళ్లు రావాలంటే పక్క ముగ్గురి పొలాల మీదుగా రావాలి.

నాలాంటి కథ డెల్టాలో ఇంటింటికీ ఉంటుంది. నన్ను తొలిచే ప్రశ్న ఒక్కటే. మా కుటుంబానికి జరిగిందే దేశానికీ జరిగిందా? ఉన్నది ఒక్కటే చెక్క, పంచుకునేవాళ్లు పెరుగుతూ పోయారు, అందుకే అందరం చితికిపోయామా? పెద్దలు మీకు తెలిసింది చెప్పండి.

లాకు గట్టు · సోమవారం, రాత్రి 9:48

ప్రశ్నలోనే జవాబు ఉంది. 1951లో దేశ జనాభా 36 కోట్లు. 2011కి 121 కోట్లు. అరవై ఏళ్లలో మూడు రెట్లు దాటింది. నేల మాత్రం సెంటు కూడా పెరగలేదు.

నేను నీటిపారుదల శాఖలో లస్కరుగా, అంటే కాలువ తూములు చూసుకునే పనిలో, చేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా పరిధిలోని ఒక తూము కింద పదిహేను మంది రైతులు ఉండేవారు. వంతుల పద్ధతి పెట్టినప్పుడు ఒక్క కబురు పంపితే పదిహేను మందీ గట్టు మీదికి వచ్చేవారు. నేను దిగిపోయేనాటికి అదే తూము కింద అరవై పైచిలుకు పేర్లు. ఆయకట్టు అంతే, నీళ్లు అంతే. ఏప్రిల్ మొదటి వారంలో దాళ్వా (రెండో పంట) వరి పొట్ట మీద ఉన్నప్పుడు అర్ధరాత్రి తూము తలుపు కోసం అన్నదమ్ములు పలుగులు ఎత్తుకోవడం నా కళ్లతో చూశాను.

బడులు చాలవు, ఆసుపత్రిలో మంచాలు చాలవు, ఉద్యోగాలు చాలవు. ఏం చేసినా అన్నిటికీ మూలం ఒక్కటే, తలలు ఎక్కువయ్యాయి. చైనాలా ఆనాడే గట్టి చట్టం చేసి ఉంటే ఈ బాధ ఉండేది కాదు.

పాత రిజిస్టర్ · సోమవారం, రాత్రి 10:30

పుంతదారి గారూ, ముత్తాతగారికి నలుగురు కొడుకులు అని రాశారు. మీ తాతమ్మ ఎంతమందిని కన్నారో, అందులో ఎంతమంది దక్కారో ఇంట్లో పెద్దవాళ్లను ఒకసారి అడిగి చెప్పగలరా? ఆడపిల్లల్ని కూడా కలిపి చెప్పండి. అది తెలిశాక మాట్లాడుకుందాం. నేను ముప్పై ఏళ్లు ఏఎన్ఎంగా, అంటే ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తగా, ఊళ్లు తిరిగినదాన్ని. ఎవరి ఇంటికి వెళ్లినా నా మొదటి ప్రశ్న ఇదే.

పుంతదారి · మంగళవారం, ఉదయం 7:15

రాత్రే పెద్దమ్మకు ఫోను చేశాను. తాతమ్మకు పదకొండు కాన్పులట. ఏడుగురు దక్కారు, నలుగురు మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. పోయిన నలుగురిలో ఇద్దరు పురిట్లోనే, ఒకరు అమ్మవారు పోసి, ఒకరు వాంతులూ విరేచనాలతో. నానమ్మకు ఆరు కాన్పులు, ఐదుగురు దక్కారు, ముగ్గురు మగ, ఇద్దరు ఆడ. ఆ పోయిన పిల్లల పేర్లు పెద్దమ్మకు ఇంకా గుర్తున్నాయి. నేను వాటిని వినడం నిన్ననే మొదటిసారి.

పాత రిజిస్టర్ · మంగళవారం, మధ్యాహ్నం 2:05

అడిగినందుకు సంతోషం. ఇప్పుడు లస్కరుగారికి కూడా కలిపి చెబుతాను.

మన దేశంలో కాన్పులు హఠాత్తుగా పెరిగి జనాభా పెరగలేదు. పిల్లలు పోవడం తగ్గి పెరిగింది. 1911 నుంచి 1921 మధ్య దేశ జనాభా పెరగకపోగా కాస్త తగ్గింది. ఇన్‌ఫ్లుయెంజా జ్వరాలు, ప్లేగు, కరువులు. జనాభా లెక్కల వాళ్లు 1921ని పెద్ద మలుపు అంటారు. అప్పటి నుంచి చావులు తగ్గుతూ వచ్చాయి, కాన్పులు మాత్రం పాత తీరులోనే ఉన్నాయి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దగ్గర ఉండేది, ఇప్పుడు 70 దగ్గర ఉంది. మశూచి టీకా, మలేరియా మందు, మంచినీళ్లు, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు, ఇవన్నీ కలిసి చేసిన పని అది.

తాతమ్మ పదకొండు మందిని కనడం అవివేకం కాదు. సగం మంది పోతారని తెలిసిన తల్లి అలాగే కంటుంది. పుట్టినవాళ్లు బతుకుతారని నమ్మకం కుదరడానికి ఒక తరం పడుతుంది. ఆ ఒక్క తరం ఆలస్యమే మనం జనాభా విస్ఫోటనం అని పేరు పెట్టుకున్నది. మీ ఇంట్లోనే చూడండి. పదకొండు, ఆరు, రెండు. మూడు తరాల్లో ఎవరి చట్టమూ లేకుండా దిగివచ్చింది.

అర్థశాస్త్రం మాస్టారు · మంగళవారం, సాయంత్రం 6:40

డిగ్రీ కళాశాలలో ఈ పాఠం చాలా ఏళ్లు చెప్పాను. కానీ ఇంత చక్కటి ఉదాహరణ నా దగ్గర ఉండేది కాదు. పుంతదారి గారి అనుమతితో వారి లెక్కనే తీసుకుంటాను.

ముత్తాతగారి 12 ఎకరాలకు వారసులు నలుగురు కాదు, ఏడుగురు. తాతగారి 3 ఎకరాలకు ముగ్గురు కాదు, ఐదుగురు. ఆడపిల్లలకు ఇవ్వలేదు కాబట్టి లెక్కలోకి రాలేదు. వాళ్లకు పెళ్లిలో పసుపు కుంకుమ కింద ఎంతో కొంత ముట్టి ఉంటుంది. సరే, అది ఆనాటి తీరు. రెండో తరం, మూడో తరం వరకు నేల మీద ఒత్తిడి పెరిగింది నిజం. ఒక దంపతుల స్థానంలో ముగ్గురు, నలుగురు దంపతులు వచ్చినప్పుడు తలసరి భాగం తగ్గక తప్పదు.

మీ తరం దగ్గరికి రండి. మీరూ చెల్లీ ఇద్దరే. తల్లిదండ్రులు ఇద్దరు, పిల్లలు ఇద్దరు. ఇక్కడ జనాభా పెరగనే లేదు. మీకు 50 సెంట్లు వస్తే, మీ భార్యకు ఆమె పుట్టింటి నుంచి అంతే వాటా వస్తే, మీ ఇంటికి మళ్లీ ఎకరమే అవుతుంది. మీ చెల్లెలి ఇంటికీ అంతే. "ఎకరం సగమైపోయింది" అనుకోవడానికి కారణం మీరు ఒక వైపు వాటాను మాత్రమే చూడటం. ఆడపిల్ల భాగం ఎక్కడికక్కడ కట్నం నగదుగా మారిపోవడం వల్ల నేల లెక్క ఎప్పుడూ తరిగిపోతున్నట్టే కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణతోనే కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కు వచ్చింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. కాగితం మీద వచ్చి ఇన్నేళ్లయినా గట్టు మీదికి రాలేదు.

దేశం లెక్క కూడా కాస్త చూద్దాం. 1950-51లో మన ఆహారధాన్యాల దిగుబడి సుమారు 5 కోట్ల టన్నులు. 2022-23 నాటికి అది 33 కోట్ల టన్నుల దగ్గరికి చేరింది. జనం నాలుగు రెట్లయితే గింజలు ఆరు రెట్లు దాటాయి. ఇందులో మన డెల్టా పాత్ర చిన్నది కాదు. ఐఆర్ 8 అనే వరి రకం వచ్చిన కొత్తలో, 1967లో, ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని పండించి చూపించారు. మార్టేరు వరి పరిశోధనా కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ రకం, అదే మన ఎంటీయూ 7029, తూర్పు రాష్ట్రాల వరి పొలాలకు విస్తారంగా పాకింది. కాబట్టి "తలలు పెరిగాయి, తిండి చాలదు" అన్న భయం నిజం కాలేదు.

అసలు బరువు ఎక్కడ పడిందంటే పని దగ్గర. ఈనాటికీ దేశంలో పనిచేసేవాళ్లలో దాదాపు 45 శాతం మంది వ్యవసాయంలో ఉన్నారు. దేశ ఆదాయంలో వ్యవసాయం వాటా అందులో సగం కూడా లేదు. ఎక్కువమంది తక్కువ ఆదాయాన్ని పంచుకుంటున్నారు. పల్లెలో అదనంగా ఉన్న చేతులను ఫ్యాక్టరీలు తీసుకోలేదు. దేశంలో సగటు కమతం, అంటే ఒక్కో రైతు సాగు చేసే నేల, 1970-71లో 2.28 హెక్టార్లు. 2015-16 నాటికి 1.08 హెక్టార్లు. పుట్టినవాళ్లు ఎక్కువ కావడం ఒక్కటే దీనికి కారణం కాదు, పుట్టినవాళ్లకు పొలం వదిలి వెళ్లే దారి లేకపోవడం కూడా కారణమే. రెండింటినీ విడదీయకపోతే మందు తప్పుతుంది.

ఇంకో మాట. జనాభా వేగంగా పెరిగే కాలంలో ప్రభుత్వం మీద పడే భారం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయను. ప్రతి ఏడూ ముందటి ఏడుకన్నా ఎక్కువమంది ఒకటో తరగతిలో చేరుతుంటే, కొత్త గదులు కట్టడానికే డబ్బంతా పోతుంది, ఉన్న గదుల్లో చదువు బాగుచేయడానికి మిగలదు. నేను చదివిన బడిలో మామిడి చెట్టు కింద రెండు తరగతులు ఒకేసారి జరిగేవి. మాకు ఎక్కాలు వినబడకుండా వాళ్ల పద్యాలు వినబడేవి.

ఆకుమడి · మంగళవారం, రాత్రి 8:55

నేను ఆచంట వైపు కౌలు రైతుని. మీరు 12 ఎకరాలు, 3 ఎకరాలు, 50 సెంట్లు అంటున్నారు. మా తాతకు సున్నా, మా నాన్నకు సున్నా, నాకూ సున్నా. సున్నాను ఎంతమంది పంచుకున్నా సున్నాయే. నాకు ఇద్దరే పిల్లలు. జనాభా తగ్గించినందుకు నాకేమి ఒరిగిందో ఎవరైనా చెప్పండి.

నాలుగు ఎకరాలు చేస్తున్నాను. రెండు పంటలకూ కలిపి ఎకరానికి 28 బస్తాల ధాన్యం మక్తా, అంటే యజమానికి కట్టే కౌలు. వాన కొట్టినా గాలి కొట్టినా 28 బస్తాలే. మా నాన్న చేసేటప్పుడు పొలం అడిగేవాళ్లు ఎక్కువగా ఉండేవారు కాబట్టి మక్తా పెంచేవారు. "నువ్వు కాకపోతే ఇంకొకడు" అనేవారు. అది మాస్టారు చెప్పిన జనాభా బరువే, ఒప్పుకుంటాను. ఇప్పుడు ఊళ్లో కుర్రాళ్లు లేరు. పొలం అడిగేవాళ్లు తగ్గారు. అయినా మక్తా తగ్గలేదు. ఎందుకంటే పక్కన రొయ్యల చెరువుల వాళ్లు అంతకన్నా ఎక్కువ లీజు ఇస్తామంటున్నారు. పొలం యజమాని నాతో బేరం ఆడేటప్పుడు చెరువు గట్టు వైపు చూస్తాడు.

2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. పెట్టుబడి రాక, ధాన్యం కొనేవాడు లేక సార్వా (తొలి పంట) ఊడ్చకుండా వదిలేశారు. మనుషులు ఎక్కువై నేల చాలని దేశంలో పచ్చటి పొలాన్ని బీడు పెట్టారంటే అర్థం ఏమిటి? తలల లెక్క ఒక్కటే అయితే ఆ ఏడు ఒక్క సెంటు కూడా ఖాళీగా ఉండకూడదు కదా.

2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. దాని కింద ఇచ్చే సాగుదారు కార్డు కావాలంటే యజమాని సంతకం చేయాలి. సంతకం అడిగితే వచ్చే ఏడు పొలం ఇవ్వరు. అందుకని అడగను. బ్యాంకు అప్పు ఆయన పేరున, నష్టపరిహారం ఆయన పేరున, ఆకుమడిలో కాళ్లు నావి.

లాకు గట్టు · మంగళవారం, రాత్రి 9:30

ఆకుమడి గారూ, మీ బాధ నాకు తెలుసు. తూము దగ్గర నిలబడేది ఎప్పుడూ కౌలు రైతే. కానీ మీలాంటివాళ్లు ఇద్దరితో ఆపారు కాబట్టి ఈపాటి అయినా ఉన్నారు. ఐదుగురైతే ఏమయ్యేది? అందుకే నేను చట్టం అంటున్నాను. గోదావరి జిల్లాలు బుద్ధిగా ఆపుకుంటే సరిపోదు, దేశమంతా ఆపాలి.

అర్థశాస్త్రం మాస్టారు · మంగళవారం, రాత్రి 10:10

చైనా సంగతి క్లుప్తంగా. ఒకే బిడ్డ విధానం 1980లో వచ్చింది. అంతకు ముందు పదేళ్లలోనే అక్కడ సగటు కాన్పులు ఆరు దగ్గర నుంచి మూడు లోపుకు పడిపోయాయి. చట్టం వచ్చేసరికి పని చాలావరకు అయిపోయింది. 2015లో ఆ విధానాన్ని వదులుకున్నారు, 2022 నుంచి అక్కడ జనాభా తగ్గుతోంది, ఇప్పుడు కనమని బతిమాలుతున్నారు. కేరళ ఏ బలవంతమూ లేకుండా దించింది.

మన సంగతి ఇంకా విచిత్రం. కేరళలో ఆడవాళ్లు చదువుకున్నారు, ఆలస్యంగా పెళ్లి చేసుకున్నారు, అందుకే తగ్గింది అంటారు. ఆంధ్రలో చదువు అంతగా రాలేదు, పెళ్లిళ్లు చిన్నతనంలోనే అయ్యాయి, అయినా తగ్గింది. 2005-06 కుటుంబ ఆరోగ్య సర్వేకే ఒక్కో స్త్రీకి సగటు కాన్పులు 1.8కి వచ్చేశాయి. 2019-21లో 1.7. అదే సర్వేలో దేశ సగటు 2.0, బీహార్ 3.0. 2001-2011 మధ్య దేశ జనాభా 17.7 శాతం పెరిగితే పాత తూర్పు గోదావరి జిల్లాలో పెరిగింది దాదాపు 5 శాతం, పశ్చిమ గోదావరిలో 4 శాతంలోపే. ఇది ఎలా జరిగిందో పాత రిజిస్టర్ గారే చెప్పాలి. నాకు తెలిసింది అంకెలు, ఆమెకు తెలిసింది మనుషులు.

పాత రిజిస్టర్ · బుధవారం, మధ్యాహ్నం 1:30

ఎలా జరిగిందో చెబుతాను. కాస్త పెద్దదే, ఓపికగా చదవండి.

ప్రభుత్వపరంగా కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టిన మొదటి దేశం మనది, 1952లో. దాని గుర్తు ఎర్ర త్రికోణం, గోడల మీద చూసే ఉంటారు. ఎమర్జెన్సీలో, 1976-77లో, ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు, అందులో ఎక్కువ మగవాళ్లకే. ఆ బలవంతానికి జనం భయపడిపోయారు. ఆ తరవాత మగవాళ్ల ఆపరేషన్ అనే మాట ఎత్తడానికి ఏ ప్రభుత్వానికీ ధైర్యం చాలలేదు. బరువంతా ఆడవాళ్ల మీదికి తిరిగింది.

నేను ఉద్యోగంలో చేరేనాటికి నా చేతికి ఇచ్చింది ఒక సైకిలు, ఒక సంచి, అర్హులైన దంపతుల రిజిస్టర్. పొడుగాటి పుస్తకం, నీలం గీతలు. భర్త పేరు, భార్య పేరు, భార్య వయసు, బతికి ఉన్న పిల్లలు, ఆఖరి బిడ్డ వయసు. చివరి గడిలో "పద్ధతి". ఇద్దరు పిల్లలుండి ఆ గడి ఖాళీగా ఉంటే నేను ఆ ఇంటికి వెళ్లాలి. ఏడాదికి ఇన్ని కేసులు తేవాలని లక్ష్యం ఉండేది. లక్ష్యాల పద్ధతి 1996లో తీసేశారు. కానీ మార్చి నెల వచ్చేసరికి పైనుంచి వచ్చే ఫోను మాత్రం చాలాకాలం ఆగలేదు.

ఆ గడిలో నేను రాసిన వయసులు ఇప్పటికీ కళ్ల ముందు ఉన్నాయి. 21, 22, 20, 23. పదిహేడుకు పెళ్లి, పద్దెనిమిదికి ఒకరు, ఇరవైకి ఒకరు, ఇరవై ఒకటికి ఆపరేషన్. శిబిరం రోజున తెల్లవారకుండానే తుంగచాపలు వేసుకుని వరండాలో పడుకునేవారు. పాలు తాగే పిల్ల అత్తగారి ఒడిలో ఏడుస్తూ ఉండేది. ఆపరేషన్ అయిన పదో రోజుకు ఊడుపులకు వంగిన అమ్మాయిలు నాకు తెలుసు. నేను వద్దన్నాను, కూలి పోతుందన్నారు.

2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో 70 శాతం దగ్గర మందికి ఆ ఆపరేషన్ అయింది. మగవాళ్లలో వందకు ఒకరు కూడా లేరు. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల ఆడవాళ్లలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిందని అదే సర్వే చెబుతోంది. మన రాష్ట్రం జనాభాను అదుపు చేసిందని గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. అయితే ఆ అదుపు ఎవరి కడుపు మీద కోతతో జరిగిందో కూడా అదే ఊపిరిలో చెప్పాలి.

లస్కరు గారూ, మీరు అడిగిన చట్టం అవసరం లేకపోయింది. ఆ అమ్మాయిలు తామే వచ్చారు. నాలుగో వంతు మందిని నేను బతిమాలి తెచ్చాను, మిగిలినవాళ్లు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. "మా అమ్మలా కాకూడదు" అన్న ఒక్క మాట చెప్పి వచ్చారు. వాళ్లకు కావలసింది బలవంతం కాదు. మూడేళ్లు ఆగి రెండో బిడ్డను కనే వీలు, మధ్యలో వాడుకునే పద్ధతి గురించి నిదానంగా చెప్పే మనిషి. అది నేను కూడా అందరికీ ఇవ్వలేకపోయాను. లక్ష్యం గడిలో తాత్కాలిక పద్ధతులకు అంత విలువ ఉండేది కాదు.

రెండో బిడ్డ · బుధవారం, రాత్రి 11:20

నేను ఇక్కడ చదవడమే కానీ ఎప్పుడూ రాయలేదు. పాత రిజిస్టర్ గారు రాసింది చదివాక రాయాలనిపించింది.

మా అమ్మకు 22 ఏళ్లకు ఆపరేషన్ అయింది. అన్నయ్య, నేను. నాకు ఆరేళ్లప్పుడు అమ్మ కువైట్ వెళ్లింది, ఇంటి పనికి. మా వీధిలో అలా వెళ్లినవాళ్లు అమ్మతో కలిపి ఆరుగురు. మొదటి తొమ్మిదేళ్లలో రెండుసార్లు వచ్చింది. మొదటిసారి వచ్చినప్పుడు నేను ఆమె పక్కన పడుకోలేదు, అమ్మమ్మ దగ్గరికి పారిపోయాను. అమ్మ ఏమీ అనలేదు. తెల్లవారి లేచి చూస్తే నా జడ బిళ్లలు, రిబ్బన్లు, కొత్త పలక అన్నీ మంచం మీద వరసగా సర్ది ఉన్నాయి.

చిన్న కుటుంబం చింతలేని కుటుంబం అని మా బడి గోడ మీద రాసి ఉండేది. మాది చిన్న కుటుంబమే. ఇద్దర్ని కన్న తల్లికి ఆ ఇద్దర్నీ దగ్గరుండి పెంచుకునే వీలు లేకపోయింది. వేరేవాళ్ల పిల్లలకు అన్నం తినిపిస్తే వచ్చిన డబ్బుతో మా స్లాబు ఇల్లు లేచింది, నా బీఎస్సీ నర్సింగ్ అయింది.

మాస్టారు చెప్పిన ఆ "దారి" గురించి నేను చెప్పగలిగింది ఇదే. పల్లెలో మిగిలిన చేతులకు పని దొరికింది, కాకపోతే సముద్రం అవతల. మా ముత్తాతల కాలంలో కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్లేవారట, రేవుల్లో మూటలు మోయడానికి. అక్కడ వాళ్లను కోరంగీలనే పిలిచేవారట. అప్పుడు మగవాళ్లు వెళ్లారు, ఇప్పుడు ఆడవాళ్లు వెళ్తున్నారు.

ఇప్పుడు నాకు 29. పెళ్లయింది, ఒక బాబు. ఈమధ్య ఎక్కడ చూసినా ఇంకా పిల్లల్ని కనండి, ముగ్గుర్ని కనండి అంటున్నారు. ఇద్దరికన్నా ఎక్కువమంది పిల్లలుంటే పంచాయతీకి పోటీ చేయకూడదని 1994లో చట్టం చేశారు. 2024 నవంబరులో అసెంబ్లీలో దాన్ని ఎత్తేశారు. ఎత్తేయడం మంచిదే, అసలు పెట్టకూడని చట్టం అది. కానీ వద్దన్నప్పుడూ మమ్మల్ని అడగలేదు, కావాలన్నప్పుడూ అడగడం లేదు. నాకు రాత్రి డ్యూటీలు ఉంటాయి. బాబును చూసుకోవడానికి అమ్మను కువైట్ నుంచి శాశ్వతంగా రప్పించాం. ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. రెండో బిడ్డను ఎవరు ఎత్తుకుంటారో చెప్పమనండి, అప్పుడు ఆలోచిస్తాను.

పోర్టు రోడ్డు · గురువారం, ఉదయం 8:00

రెండో బిడ్డ గారు చెప్పినదానికి పక్కగా ఒక విషయం. కనమని ఇప్పుడు అంటున్నది ముసలివాళ్లు పెరుగుతున్నారన్న భయంతో మాత్రమే కాదు. లోక్‌సభ సీట్లను 1971 జనాభా లెక్కల మీద 1976లో స్తంభింపజేశారు, 2001లో ఆ గడువును 2026 తరవాతి జనగణన వరకు పొడిగించారు. ఆ గడువు దగ్గరపడింది, జనాభా తక్కువ పెరిగిన రాష్ట్రాలకు సీట్ల వాటా తగ్గుతుందన్న భయం ఉంది. కేంద్ర పన్నులను రాష్ట్రాలకు పంచే సూత్రం చెప్పేది ఆర్థిక సంఘం. ఆ పన్నుల్లో ఆంధ్రప్రదేశ్ వాటా కూడా 14వ సంఘంలో 4.305 శాతం, 15వ సంఘంలో 4.047 శాతం. 15వ సంఘం జనాభా నియంత్రణకు 12.5 శాతం మార్కులు ఇచ్చినా మనకు వాటా తగ్గింది, దానికి వేరే కారణాలూ ఉన్నాయి. అదుపు చేసుకున్న రాష్ట్రాలు నష్టపోకూడదన్న వాదన న్యాయమైనదే. దానికి పరిష్కారం సూత్రం మార్చడంలో ఉంది, ఆడవాళ్ల కాన్పుల్లో లేదు.

లాకు గట్టు · గురువారం, రాత్రి 7:45

నిన్న రాత్రంతా ఇవన్నీ మళ్లీ చదివాను. నా భార్యకు కూడా చదివి వినిపించాను. ఆమెకు 23 ఏళ్లకు ఆపరేషన్ అయింది. ఆమెతో పాటు నేను ఆ రోజు వెళ్లలేదు, కాలువ డ్యూటీలో ఉన్నాను. నలభై ఏళ్లలో ఆ సంగతి మా మధ్య ఎప్పుడూ రాలేదు. నిన్న వచ్చింది.

చట్టం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నీళ్ల విషయం మాత్రం నాకు తెలిసింది చెబుతాను. తూము కింద పేర్లు పెరిగాయి నిజం. కానీ తగవు ముదిరింది పేర్లు పెరిగినందుకు కాదని ఇప్పుడు ఆలోచిస్తే అనిపిస్తోంది. మొదట్లో ఆ పదిహేను మందీ సాగు చేసేవాళ్లే, అందుకే మే నెలలో కాలువలు కట్టేసినప్పుడు బోదె పూడిక తీయడానికి ఇంటికొకరు పార పట్టుకుని వచ్చేవారు. తరవాత ఆ అరవై మందిలో ఊళ్లో ఉండేవాళ్లు పాతిక మంది. మిగిలినవాళ్లు హైదరాబాదులో, విశాఖలో, అమెరికాలో. కౌలు రైతు వచ్చే ఏడు అదే పొలం చేస్తాడో లేదో తెలియదు, బోదె మీద ఒళ్లు ఎందుకు వంచుతాడు? బోదె పూడిపోయింది, శివారుకు నీళ్లు ఎక్కలేదు, పలుగులు లేచాయి.

తాగునీళ్ల సంగతీ అంతే. కాలువలు కట్టే ముందు ఊరి మంచినీళ్ల చెరువును నింపుకుంటే వేసవి గడిచేది. చివరి ఏళ్లలో చెరువు నింపడానికి వదిలిన నీళ్లలో రొయ్యల చెరువుల మురుగు కలిసి వచ్చేది. చెరువులో నీళ్లు నిండుగా ఉండేవి, ఆడవాళ్లు డబ్బా నీళ్ల కోసం వరసలో నిలబడేవారు. ఆ ఊళ్లో జనాభా పాతికేళ్లుగా పెరగలేదు. బడిలో పిల్లలు లేరని టీచరును కూడా తగ్గించారు. ఊడుపులకు బెంగాల్ నుంచి మనుషులు వస్తున్నారు. జనం తగ్గిన ఊళ్లోనే నీళ్లు చాలలేదు. నేను తాళం చెవి పట్టుకుని గట్టు మీద నిలబడి కూడా అది చూడలేకపోయాను.

ఆకుమడి · గురువారం, రాత్రి 8:20

లస్కరు గారూ, మీరు ఆ మాట రాసినందుకు చాలా సంతోషం. మా బోదె కూడా పూడిపోయింది. ఈ మే నెలలో కాలువ కట్టాక మేం ఎనిమిది మంది కౌలు రైతులం కలిసి తీద్దామనుకుంటున్నాం. పొలం యజమానులు తలా కొంత డబ్బు పంపితే జేసీబీ పెట్టుకోవచ్చు. అడగడానికి మీలాంటి పెద్దమనిషి ఒకరు ముందు ఉంటే బాగుంటుంది.

లాకు గట్టు · గురువారం, రాత్రి 8:35

వస్తాను. నంబరు నిర్వాహకుల ద్వారా పంపుతాను.

పుంతదారి · ఆదివారం, మధ్యాహ్నం 12:50

ఈ వారం నాకు చాలా విషయాలు తెలిశాయి. మాస్టారి లెక్క చదివాక చెల్లికి ఫోను చేశాను. నిజం చెప్పాలంటే మొదటి పోస్టు రాసేనాటికి చెల్లి వాటా కాగితం మీద రాసుకున్నానే కానీ, ఎకరమూ నేనే ఉంచుకుని ఆమెకు డబ్బు ఇచ్చేద్దామన్నది నా మనసులోని మాట. మేనత్తలిద్దరికీ నాన్నవాళ్లు అలాగే చేశారు. పెద్ద మేనత్తకు ఇచ్చిన డబ్బు ఆ ఏడు ఆమె భర్త వైద్యానికి అయిపోయిందట. పొలం ఇచ్చి ఉంటే ఇప్పటికీ ఉండేది. ఆ ఏడుగురిలో ముగ్గురు, ఆ ఐదుగురిలో ఇద్దరు. నా 17 గట్లలో ఒక్కటి కూడా వాళ్ల కోసం లేచింది కాదు.

చెల్లి ఈ రోజు వచ్చింది. ఇద్దరం పొలం చూసి వచ్చాం. గట్టు వేయకుండా ఒకే చెక్కగా ఉంచి, చేస్తున్న కౌలు రైతుకే ఐదేళ్లకు రాసి ఇద్దామని ఆమే అంది. ఆయన కార్డుకు ఇద్దరం సంతకం పెడతాం. కాగితం మీద మాత్రం 50, 50. ఎప్పుడైనా విడదీస్తే బోదె వైపు ముక్క తనకు కావాలంది, సరేనన్నాను. సర్వేయరు శనివారం వస్తానన్నాడు.

పాత రిజిస్టర్ · ఆదివారం, మధ్యాహ్నం 3:15

చాలా మంచి పని. శనివారానికి ముందు ఒకటి సరిచూసుకోండి. మీ నాన్నగారి వాటాలో మీ ఇద్దరితో పాటు మీ అమ్మగారికీ వాటా ఉంటుంది. మీరు 50, 50 అని రాశారు. అమ్మగారు ఉన్నారు కదా?

పుంతదారి · ఆదివారం, మధ్యాహ్నం 3:40

ఉన్నారు. ఇక్కడే పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. మొదటి రోజు నుంచి నేను వేసిన ఏ లెక్కలోనూ అమ్మ లేదు. సర్వేయరుకు ఫోను చేసి తేదీ మార్చమంటున్నాను. ముందు అమ్మను అడగాలి.